పది రోజులు దాటిన రోగి

(శతజయంతి సందర్భముగా బుచ్చిరెడ్డిపాలెంలో జరిగిన ఆరోగ్య సభలో ఒక రిటైర్డు నర్సు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభ సందర్భంలో ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు నన్ను ఆజ్ఞాపించారు. నేను డాక్టరును కాను. ముప్పయ్యొక్క సంవత్సరాలు నర్సుగా పనిచేసి, అందులో పంతొమ్మిదేళ్లు ఐ.సి.యు.లో గడిపి, రిటైరై ఇంటికి వచ్చినదానిని. పుట్టి పెరిగింది ఈ బుచ్చిలోనే కనుక మీలో చాలామందికి నేను తెలిసినదాననే. వేదికల మీద మాట్లాడిన అలవాటు లేదు. తప్పులుంటే మన్నించమని ముందుగానే వేడుకుంటున్నాను.

షుగరు గురించో, బి.పి. గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. వాటిని గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను ఈ రోజు ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఐ.సి.యు.లో చేరిన పెద్దవాళ్లలో ఎంతమంది బాగుపడి బయటికి రాక, చనిపోకా, వారాల తరబడి అక్కడే ఉండిపోతారు? అది అరుదా, మామూలా? వాళ్లకు, వాళ్ల ఇంటివారికి మనం ఏమి చేయాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు. మా అక్క నన్ను అడిగింది.

మా బావ రైతు. కనిగిరి రిజర్వాయరు కింద మూడెకరాల మాగాణి ఉండేది. ఒక ఏడు వరి కోతల రోజుల్లో ఆయనకు జ్వరం, దగ్గు వచ్చాయి. కోతలు అయ్యాక చూపించుకుందామని రెండు రోజులు మాత్రలతో గడిపాడు. మూడో రోజు ఊపిరి అందలేదు. 108 వాహనంలో నెల్లూరుకు తీసుకొనిపోయాము. న్యుమోనియా అన్నారు. ఆ రాత్రే వెంటిలేటరు పెట్టారు. అది ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. అక్కడి సిబ్బంది కష్టపడి పనిచేశారు. అయినా ఒక లోపం జరిగింది. ఆ లోపంలో నాకూ భాగం ఉంది కనుకనే చెబుతున్నాను.

ఆరో రోజు ఒక డాక్టరుగారు బయటికి వచ్చి ఊపిరితిత్తులు మెరుగయ్యాయన్నారు. ఎనిమిదో రోజు ఇంకొకరు వచ్చి కిడ్నీలు తేరుకుంటున్నాయన్నారు. పదకొండో రోజు బి.పి. నిలబెట్టే మందు ఆపేశామన్నారు. మా అక్క ప్రతిసారీ చేతులు జోడించింది. పన్నెండో రోజు సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని నన్ను అడిగింది.

“ఏంది పాపా, అన్నీ బాగుండాయంటారు, మనిషి మాత్రం లేవడం లేదే? నువ్వు ఇన్నేళ్లూ ఇందులోనే గదా పనిచేసింది. ఇట్టాంటోళ్లు ఎంతమంది ఉంటారు?”

“చాలా తక్కువక్కా, నూటికి ఏ నలుగురో అయిదుగురో” అన్నాను.

“తక్కువంటావే! లోపల పన్నెండు మంచాలుండాయి. నాలుగింటి మీద మనం వచ్చినప్పటి నించీ ఉన్నోళ్లే ఉండారు. నేను రోజూ చూస్తా ఉండాను గదా” అంది.

నాకు నోట మాట రాలేదు. మా అక్క అయిదో తరగతి వరకే చదివింది. నేను చెప్పిందీ నిజమే, ఆమె చెప్పిందీ నిజమే. ఈ రెండు నిజాలూ ఎట్లా పొసుగుతాయో నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. అదే మీకు మనవి చేస్తాను.

ముందు ఒక సంగతి గమనించాలి. ఈ విధమైన జబ్బు మన తాతల కాలంలో లేదు. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరుకు వచ్చి, డాక్టరుగాను మఠకన్యగాను వేలాదిమందికి వైద్యం చేసిన సిస్టర్ మేరీ గ్లౌరీ గారి పేరు మీలో కొందరైనా విని ఉంటారు. 1943లో దేశంలోని కథోలిక ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒక సంఘాన్ని స్థాపించింది ఆమే. ఆ కాలంలో ఊపిరి ఆగిపోయే స్థితికి వచ్చిన రోగి ఒకటి రెండు రోజుల్లో తేరుకోవాలి, లేదా కన్నుమూయాలి. మధ్యలో నిలబెట్టే సాధనం దాదాపు లేదు.

ఆ సాధనానికి దారి 1952లో తెరుచుకుంది. డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హేగన్‌లో ఆ ఏడు పోలియో విపరీతంగా వ్యాపించింది. శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులు వరుసగా చనిపోతుంటే, మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ ఒక ఉపాయం చెప్పాడు. గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచితో గాలి కొట్టాలి. ముందు పన్నెండేళ్ల బాలికకు చేసి చూపించాడు, ఆమె బతికింది. తర్వాత సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకొని రాత్రింబగళ్లు చేతులతో సంచి నొక్కారు. నూటికి ఎనభై మందికి పైగా చనిపోతున్న చోట మరణాలు సగానికి తగ్గిపోయాయి. మరుసటి సంవత్సరం, 1953లో, ఇటువంటి రోగులను ఒకచోట చేర్చి చూసుకొనే వార్డును ఆయనే ఏర్పాటు చేశాడు. మనం నేడు ఐ.సి.యు. అంటున్నది అక్కడ పుట్టింది.

ప్రాణం నిలబెట్టే శక్తి వచ్చిన తర్వాత, ప్రాణం నిలిచి ఆరోగ్యం తిరిగి రాని మనుషులు కనిపించసాగారు. అమెరికాలో గిరార్డ్, రాఫిన్ అనే ఇద్దరు 1985లో వీరికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. “క్రానికల్లీ క్రిటికల్లీ ఇల్” అన్నారు. ఇటీవల “పర్సిస్టెంట్ క్రిటికల్ ఇల్‌నెస్” అంటున్నారు. మన భాషలో దీర్ఘ విషమ స్థితి అనుకుందాం.

ఇప్పుడు మా అక్క ప్రశ్నకు వద్దాం. ఎంతమంది?

దీనికి ఒక పెద్ద లెక్క 2016లో వెలువడింది. ఐవాషినా అనే అమెరికా డాక్టరూ, ఆయన సహచరులూ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లోని 182 ఐ.సి.యు.ల రికార్డులు తీసి చూశారు. మొత్తం 10,28,235 మంది రోగులు. వారు ఒక తెలివైన ప్రశ్న వేసుకున్నారు. ఒక రోగి బతుకుతాడా లేదా అని అంచనా వేయడానికి, ఆయన ఏ జబ్బుతో వచ్చాడు, ఎంత తీవ్రంగా వచ్చాడు అన్నది ఎన్ని రోజుల వరకు పనికివస్తుంది? మొదటి రోజున ఆ సమాచారం చాలా విలువైనది. రోజులు గడిచేకొద్దీ దాని విలువ తగ్గుతూ వచ్చింది. సుమారు పదో రోజుకు వచ్చేసరికి, ఆ రోగి వయస్సు, అంతకు ముందునుంచీ ఉన్న జబ్బులు చెప్పేదానికన్నా అది ఎక్కువ చెప్పలేకపోయింది.

అంటే ఏమిటి? ఏ జబ్బు ఆయనను లోపలికి తెచ్చిందో, ఆయనను అక్కడ ఉంచుతున్నది ఇక ఆ జబ్బు కాదు. న్యుమోనియాతో వచ్చినా, ప్రమాదంలో దెబ్బలు తగిలి వచ్చినా, పెద్ద ఆపరేషను అయి వచ్చినా, పది రోజులు దాటాక అందరూ ఇంచుమించు ఒకే జబ్బు మనుషులు అవుతున్నారు. “అన్నీ బాగుండాయంటారు, మనిషి లేవడం లేదే” అని మా అక్క మెట్ల మీద కూర్చొని అన్నమాట ఇదే.

ఆ పది లక్షల పైచిలుకు మందిలో పదో రోజు దాటి ఉండిపోయినవారు 51,509 మంది. నూటికి అయిదుగురు. కాని ఐ.సి.యు. మంచాల మీద గడిచిన దినాలన్నీ కూడితే 31,38,432 అయ్యాయి. వాటిలో ఈ అయిదుగురి వంతు 10,29,345. ఇంచుమించు మూడో వంతు!

ఇది ఎట్లా సాధ్యమో వేళ్ల మీద లెక్క వేయవచ్చు. నూరుమంది వచ్చారనుకోండి. తొంభై అయిదుగురు సగటున రెండు రోజుల పైచిలుకు ఉండి వెళ్లిపోతారు. అది రెండువందల దినాలు. మిగిలిన అయిదుగురు సగటున ఇరవై రోజులు ఉంటారు. అది నూరు దినాలు. మూడువందలలో నూరు.

మన ఊళ్లలో సత్రాలుండేవి గదా. ఏడాదికి వెయ్యిమంది బాటసారులు ఒక్కరాత్రి పడుకొని వెళ్లిపోతారు. ఇద్దరు ముగ్గురు మాత్రం నెలల తరబడి ఉంటారు. సత్రం గుమాస్తా పద్దు చూస్తే ఆ ముగ్గురూ లెక్కకే రారు. ఏ రాత్రి తలుపు తీసి చూసినా కనబడేది ఆ ముగ్గురే. నేను గుమాస్తాలాగా పద్దు చూసి చెప్పాను. మా అక్క తలుపు తీసి చూసి చెప్పింది.

ఇతర దేశాల లెక్కలూ ఇంచుమించు ఇట్లాగే ఉన్నాయి. అమెరికాలో 2015లో ప్రచురించిన ఒక పరిశీలనలో అయిదు రాష్ట్రాల రోగులను లెక్కపెట్టారు. వెంటిలేటరు మీద ఎక్కువ కాలం ఉండడం, గొంతుకు గొట్టం, రక్తంలో ఇన్‌ఫెక్షను, పక్షవాతం, తలకు దెబ్బ, పెద్ద గాయాలు, వీటిలో ఏదైనా ఒకటి ఉండి, ఐ.సి.యు.లో కనీసం ఎనిమిది రోజులు గడిపినవారిని లెక్కలోకి తీసుకున్నారు. నూటికి 7.6 మంది తేలారు. 2009 ఒక్క సంవత్సరంలోనే ఆ దేశం మొత్తం మీద సుమారు 3,80,000 మంది ఉంటారని, ఖర్చు 2,600 కోట్ల డాలర్లని అంచనా కట్టారు. లెక్క ఎక్కడినుంచి మొదలుపెడతామన్న దానినిబట్టి అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. నూటికి అయిదు నుంచి పదిలోపు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. అమెరికాలో జనాభానుబట్టి చూస్తే ఈ స్థితి అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది 75 నుంచి 79 ఏళ్ల ముసలివారిలో. మన దేశంలో 2010, 2011 సంవత్సరాల్లో 124 ఐ.సి.యు.లలో 4,209 మంది రోగులను పరిశీలించినప్పుడు సగటు వయస్సు 54 ఏళ్ల దగ్గర తేలింది. అంటే మన ఐ.సి.యు. మంచం మీద ఉన్నది చాలా సార్లు ఇంటిని పోషించే మనిషి. ఆయన లోపల ఉన్నన్నాళ్లూ ఇంట్లో రాబడి ఉండదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటినుంచి పేదవారికి పెద్దాసుపత్రి తలుపు తెరుచుకున్న మాట నిజం. అందుకు సంతోషించాలి. కాని కోతకు వచ్చిన పైరునూ, బయట హాలులో నెలరోజులు పడుకొన్న భార్య తిండినీ ఏ కార్డూ చూసుకోదు. మా అక్క ఒక ఎకరం అమ్మింది.

ఇంతకూ పది రోజుల్లో శరీరానికి ఏమవుతుంది? మంచాన పడిన మనిషికి కండ కరుగుతుందని మన పెద్దలకు తెలుసు. ఎంత కరుగుతుందో ఇంగ్లండులో 63 మంది రోగుల తొడ కండరాన్ని స్కానుతో కొలిచి 2013లో ప్రచురించారు. పది రోజుల్లో నూటికి దాదాపు 18 పాళ్లు తగ్గిపోయింది! తొడ కండతోపాటు ఊపిరి తీసే కండరం కూడా బలహీనపడుతుంది. అందుకే ఊపిరితిత్తి బాగయినా వెంటిలేటరు తీయలేరు. గొట్టాల ద్వారా కొత్త ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. పగలు రాత్రి తెలియక మనస్సు చెదురుతుంది. లేనివాళ్లు కనబడుతున్నారంటారు, గొట్టాలు పీకివేయబోతారు. చూసేవారు పిచ్చెక్కిందనుకుంటారు. అది పిచ్చి కాదు, ఆ స్థితిలో మెదడు పడే అవస్థ.

ఫలితాల విషయమూ దాచకుండా చెప్పాలి. ఆస్ట్రేలియా లెక్కలో పదో రోజు దాటినవారిలో ఇంచుమించు నాలుగింట ఒక వంతు ఆసుపత్రిలోనే చనిపోయారు. నేరుగా ఇంటికి వెళ్లినవారు సగానికి తక్కువ. అమెరికా లెక్కలో పదిమందిలో ముగ్గురు ఆసుపత్రిలోనే పోయారు. అన్ని సౌకర్యాలూ ఉన్న దేశాల్లోనే ఇది స్థితి.

అయితే అమ్మలారా, అయ్యలారా! ఈ మాట విని పదో రోజు వచ్చింది కదా, ఇంక ఆశ లేదని ఎవరూ అనుకోకూడదు. నా ప్రసంగంలో ఒక్క ముక్కే గుర్తుంచుకునేట్లయితే ఇది గుర్తుంచుకోండి. పది అన్నది సగటు. జబ్బునుబట్టి ఏడో రోజు నుంచి ఇరవైరెండో రోజు వరకు అది మారింది. పైగా కొన్ని జబ్బులు ఆలస్యంగానే నయమవుతాయి. మనది పంట పొలాల సీమ. పురుగుమందు ఒంట్లోకి పోయిన మనిషి ఒకటి రెండు రోజులు బాగున్నట్లే కనబడి, ఆ తర్వాత మెడ ఎత్తలేక, ఊపిరి తీయలేక పడిపోవడం నేను చాలా సార్లు చూశాను. ఈ సంగతిని పొరుగున ఉన్న శ్రీలంక డాక్టర్లు సేనానాయకే, కరల్లియద్దె 1987లో వివరించి ప్రపంచానికి చెప్పారు. మందు లోపలికి పోయిన 24 నుంచి 96 గంటల మధ్య ఇది వస్తుంది. వెంటిలేటరు మీద రెండు మూడు వారాలు ఓపికపట్టి చూసుకుంటే చాలామంది లేచి నడిచి ఇంటికి పోతారు. ధనుర్వాతమూ అంతే. కాళ్లనుంచి మొదలై పైకి చచ్చుబడే గిలియన్ బారే జబ్బూ అంతే. ఇటువంటివారికి పదో రోజున చేయి వదిలేస్తే బతికే మనిషిని చంపుకున్నట్లు.

మరి పదో రోజు దేనికి? ఆగి, మళ్లీ అడగడానికి.

అంతకుముందే ఈ స్థితి రాకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. 2000 సంవత్సరంలో చికాగోలో 128 మంది మీద జరిగిన పరిశీలనలో, మత్తుమందును రోజుకొకసారి ఆపి రోగిని మేలుకొలిపి చూస్తే వెంటిలేటరు రోజులు 7.3 నుంచి 4.9కి తగ్గాయి. 2009లో 104 మంది మీద జరిగిన మరొక పరిశీలనలో, వెంటిలేటరు మీద ఉండగానే కాళ్లు చేతులు ఆడించి, కూర్చోబెట్టి, నిలబెడితే, ఆసుపత్రి విడిచే నాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవారు నూటికి 59 మంది అయ్యారు. అట్లా చేయనివారిలో 35 మందే. వీటికి కొత్త యంత్రం అక్కరలేదు. చేతులు కావాలి, ఓపిక కావాలి. ఒక నర్సుకు నలుగురు రోగులను అప్పగించిన చోట ఇది జరగదని నా అనుభవంతో చెబుతున్నాను.

గొంతుకు రంధ్రం చేస్తామంటే మన ఇళ్లలో గుండెలు బాదుకుంటారు. అది మరణశాసనం కాదు. నోట్లో గొట్టం కన్నా అది రోగికి సుఖం. అలాగని తొందరపడవలసిన పనీ లేదు. ఇంగ్లండులో 2013లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో నాలుగు రోజుల్లోపు చేసినా, పది రోజుల తర్వాత చేసినా మరణాల్లో తేడా లేదు. ఆగి చూద్దామనుకున్నవారిలో సగానికి పైగా మనుషులకు ఆ అవసరమే రాలేదు.

ఇక పదో రోజున ఇంటివారు డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు. కాగితం మీద రాసుకోండి.

మొదటిది: “అయ్యా, ఈయన లోపలికి వచ్చిన జబ్బు ఏ స్థితిలో ఉంది? ఇప్పుడు ఈయనను లోపల ఉంచుతున్నది ఏమిటి?”

రెండవది: “ఈ జబ్బు మెల్లగా నయమయ్యే రకమా, కాదా?”

మూడవది: “లేస్తే ఎట్లా లేస్తాడు? నడుస్తాడా? తన అన్నం తాను తింటాడా? మమ్మల్ని గుర్తుపడతాడా?”

నాల్గవది: “ఇంకొక వారం చూసి, ఏమి జరిగితే మెరుగని అనుకోవాలి? ఏమి జరగకపోతే మళ్లీ కూర్చొని మాట్లాడుకోవాలి?”

అయిదవది: “మెలకువగా ఉన్నప్పుడు మేము ఆయన దగ్గర ఎంతసేపు ఉండవచ్చు?”

ఈ మాటలు చెప్పవలసింది మొదటినుంచీ చూస్తున్న డాక్టరే. అమెరికాలో 256 మంది దీర్ఘ రోగుల కుటుంబాలతో, వెంటిలేటరు మీద వారం దాటాక, బయటినుంచి వచ్చిన నిపుణుల చేత ప్రత్యేక సమావేశాలు పెట్టించి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. ఆ కుటుంబాల దిగులు తగ్గలేదు సరికదా, తర్వాత కొన్ని నెలలకు ఆ చేదు జ్ఞాపకాల బాధ వారిలోనే కొంచెం ఎక్కువగా కనబడింది. ముక్కూ మొగమూ తెలియనివారు వచ్చి ఒకటి రెండు సార్లు కఠిన సత్యం చెప్పి వెళ్లిపోతే మనస్సు కుదుటపడదని నేను అర్థం చేసుకున్నాను. తెలిసిన డాక్టరు, తెలిసిన నర్సు, రోజూ కొంచెం కొంచెంగా చెప్పాలి.

ఆశ పూర్తిగా పోయిన తర్వాత యంత్రం తీయవచ్చునా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఇది పాపమేమోనని భయపడి చాలామంది నన్ను రహస్యంగా అడిగారు. ఇదే ప్రశ్నను డాక్టర్లు 1957లో పన్నెండవ భక్తినాథ పాపుగారి ముందు పెట్టారు. ఆ సంవత్సరం నవంబరు 24న ఆయన మత్తు డాక్టర్లతో మాట్లాడుతూ, ప్రాణం కాపాడుకోవడానికి సాధారణమైన సాధనాలు వాడడం మనిషి విధి అని, తనకుగాని ఇతరులకుగాని మోయరాని భారమయ్యే అసాధారణ సాధనాలు విధి కావని చెప్పారు. ప్రాణం తీయడం వేరు, ఆపలేని మరణానికి అడ్డు తొలగడం వేరు. మన దేశపు సుప్రీంకోర్టు కూడా 2018 మార్చి 9న, ఇటువంటి స్థితిలో తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందుగానే కాగితం మీద రాసిపెట్టుకోవచ్చునని తీర్పు చెప్పింది. 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతోగాని గెజిటెడ్ ఆఫీసరుతోగాని ధృవీకరింపజేస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే భార్యాభర్తలు, పిల్లలు ఈ మాట ఒకసారి అనుకోవడం మంచిది. అశుభమని దాటవేస్తే, ఆ బరువు మెట్ల మీద కూర్చొన్న మనిషి నెత్తిన పడుతుంది.

ఇక సంఘంగా మనం చేయగలిగిన పని. మన విచారణలో ఎవరైనా ఐ.సి.యు.లో చేరితే మొదటి మూడు రోజులు అందరం పోతాము. పండ్లు తీసుకొనిపోతాము, ప్రార్థిస్తాము. పదో రోజుకు ఎవరూ ఉండరు. ఎవరి పనులు వారికి ఉంటాయి. తప్పు పట్టడం లేదు. కాని మనిషి నిజంగా అవసరమయ్యేది ఆ రోజునే. ఒక చిన్న పుస్తకం పెట్టుకొని, ఎవరు ఎన్నో రోజున ఉన్నారో రాసుకొని, పదో రోజు నుంచి వంతులు వేసుకొంటే ఎట్లా ఉంటుంది? ఒకరు క్యారియరులో అన్నం తీసుకొనిపోవాలి. ఒకరు ఆ రాత్రి హాలులో పడుకొని, ఇంటావిడను ఇంటికి పంపి నిద్రపోనివ్వాలి. చదువుకున్న పిల్ల ఒకతె డాక్టరుగారి దగ్గరకు తోడుగా పోయి, చెప్పినది రాసుకొని, మళ్లీ తెలిసే మాటల్లో చెప్పాలి. పొలం ఉన్నవారికి పొలం పని ఎవరో ఒకరు చూడాలి. బతికి ఇంటికి వచ్చిన రోగిని కూడా మరచిపోరాదు. ఆయనకు మళ్లీ నడక నేర్వడానికి నెలలు పడుతుంది. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తాడు. ఆయనకు కావలసింది పక్కన కూర్చొని కాళ్లు ఆడించేవారు, తొందరపెట్టనివారు.

మా బావ సంగతి చెప్పి ముగిస్తాను. పద్నాలుగో రోజు గొంతుకు గొట్టం పెట్టారు. దాని తర్వాత వారం రోజులపాటు ఆయన మెలకువగా ఉన్నాడు. కళ్లు తెరిచి చూసేవాడు. అక్క కనబడితే వేలు కదిపేవాడు. తలుపు వైపు చూసేవాడు. కొడుకు కోసం అని మాకు తెలుసు. పిల్లవాడు చెన్నైలో కొత్తగా ఉద్యోగంలో చేరి ఉన్నాడు. “నాన్న బాగయితా ఉండాడు, కొంచెం లేచినాక వద్దువులే” అని మేమే ఫోనులో చెప్పాము. నేను కూడా చెప్పాను. పంతొమ్మిదేళ్లు ఇటువంటి రోగుల మధ్య తిరిగినదానిని, ఆ వారాన్ని గుర్తుపట్టలేకపోయాను. డాక్టర్లను నాలుగు ప్రశ్నలు అడగలేకపోయాను. ఇరవైమూడో రోజున కొత్త ఇన్‌ఫెక్షను వచ్చింది. మళ్లీ మత్తు పెట్టారు. పిల్లవాడు వచ్చేసరికి కళ్లు మూసి ఉన్నాయి. ముప్పయ్యొకటో రోజు తెల్లవారుజామున పోయాడు.

అమ్మిన ఎకరం గురించి మా అక్క ఎన్నడూ మాట్లాడదు. ఆ వారం గురించి మాత్రం ఇప్పటికీ అంటుంది. “పిల్లోడిని పిలిపించి ఉండాల్సింది పాపా” అంటుంది.

నూటికి అయిదుగురే కావచ్చు. ఆ అయిదుగురిలో మన ఇంటి మనిషి ఉన్నప్పుడు, పదో రోజున ఆగి అడగండి. దూరాన ఉన్న బిడ్డలను ఆ రోజే పిలిపించండి. మనిషి లేచి ఇంటికి వస్తే బిడ్డను చూసిన సంతోషంతో వస్తాడు. రాకపోయినా ఆ చూపు దక్కుతుంది.